మూడు కాళ్ళ దున్న నాణెం పట్టుకుని షార్లెట్ వెళ్ళొచ్చాం

అందరూ కులాసాయేనా? పార్సిప్పనీ సావిత్రిగారూ, మీ మోకాలి వాపు తగ్గిందా? ఆ అపార్ట్‌మెంట్ మెట్లు రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నానని రాశారు, చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ప్లేనో భాస్కరరావుగారూ, బీపీ మాత్ర మార్చారన్నారు, కొత్తది పడిందా, తల తిరగడం లేదు కదా? మా వీధి చివర రాజ్యలక్ష్మమ్మగారికి కంటి ఆపరేషన్ అయింది, ఇది ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు. చుక్కలు వేళకు వేసుకోండమ్మా. మా ఇంట్లో ఆయనకు షుగరు నిలకడగానే ఉంది. అమ్మాయి మాధవికి జలుబు. అల్లుడుగారికి నడుం నొప్పి, రోజంతా ఆ కుర్చీలో కూర్చుంటే రాదా మరి. నాకు మాత్రం మొన్న శనివారం నుంచి గుండె దడ. జబ్బు కాదు, కంగారుపడకండి. షార్లెట్‌లో నాణేల సంత చూసొచ్చాను, అదీ సంగతి. ఆ ఒక్కరోజులో నాకు తగిలినన్ని అదురుపాట్లు నా డెబ్భై ఏళ్ళలో తగల్లేదు. మీలో ఎవరైనా అలాంటి చోటికి వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని. ఫోన్‌లో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయి, తప్పులు మా అమ్మాయి దిద్దుతోంది.

ఈ ప్రయాణం మా వియ్యపురాలు కామేశ్వరి వదినగారి కోసం పెట్టుకున్నది. ఆవిడ మా అల్లుడుగారి తల్లి. రాజమండ్రిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు ప్లేనోలో కూతురి దగ్గర ఉంటున్నారు. వాళ్ళాయన, మాకు అన్నయ్యగారు, పోయి ఏడాది దాటింది. మేమంతా ఉండే ఈ క్యారీ ఇంటికి ఆయన వచ్చినప్పుడల్లా ఒకటే పని, అయిదు సెంట్ల బిళ్ళలు ఏరడం. ఇక్కడ అయిదు సెంట్ల బిళ్ళను నికెల్ అంటారు. వాటిలో పాత రకం ఒకటుంది. ఒక పక్క ఈ దేశపు ఆదివాసి పెద్దమనిషి తల, రెండో పక్క మూపురమున్న అడవిదున్న. 1913 నుంచి 1938 దాకా వేశారట, ఇప్పుడు చిల్లరలో దొరకవు. నాణేల దుకాణంలో అరిగిపోయినవి సంచుల లెక్కన కొనుక్కొచ్చి, భోజనాల బల్ల మీద గుమ్మరించి, భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూసేవారు. అలా మూడు శీతాకాలాలు చూశాక ఒక దున్నకు ముందరి కాలు ఒకటి లేదని కనిపెట్టారు. అది చాలా అరుదైన రకమట. తెలిసినవాళ్ళకు చూపించి ఖాయం చేసుకోవాలనుకుంటూనే పోయారు. "అది నిజంగా మూడు కాళ్ళదో, అరిగిపోయి కాలు కనబడనిదో తేలాలి వదినగారూ. అమ్ముకోవడానికి కాదు. ఆయన మాట నిజమా కాదా, నాకు అంతే కావాలి," అని వదినగారు ఫోన్లో అన్నారు. అక్టోబరులో షార్లెట్‌లో సంత ఉందని అల్లుడుగారు కనుక్కుని చెబితే, గురువారం విమానంలో క్యారీ దిగారు. తీరా శనివారం అమ్మాయికీ అల్లుడుగారికీ ఇద్దరికీ ఆఫీసు పని పడింది. "ఎవరూ రానక్కర్లేదురా, మేమిద్దరం వెళ్ళొస్తాం," అన్నారు వదినగారు. ఆ మాటకే నాకు చెమటలు పట్టాయి.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి, దాచుకుంటే లాభం లేదు. వదినగారు రావడానికి వారం ముందు శుక్రవారం నాడు అన్నయ్యగారు మా ఇంట్లోనే ఉంచి వెళ్ళిన నీలిరంగు అట్ట పుస్తకాన్ని అలమరలోంచి తీశాను. ఆ అట్టల్లో గుండ్రటి గుంటలుంటాయి, గుంటకొక బిళ్ళ, కింద అది పుట్టిన ఏడాది. యాభై పైచిలుకు బిళ్ళలు. అన్నీ మట్టి రంగులో, కొన్ని నల్లబడి ఉన్నాయి. లక్ష్మీదేవి పటం ముందు పెట్టాల్సిన డబ్బు అలా మకిలిగా ఉంటే నా చేతులు ఊరుకోవు. వరస తప్పకుండా తువ్వాలు మీద పేర్చుకుని, చింతపండూ ఉప్పూ వేసి, కొబ్బరి పీచుతో దీపపు కుందులు తోమినట్టు ఒక్కొక్కటీ తోమాను. మూడు కాళ్ళదాన్ని గొప్పదని రెండుసార్లు తోమాను. తళతళలాడాయి. బొట్లు పెట్టి, దండం పెట్టుకుని, తుడిచి, ఏ గుంటలోది ఆ గుంటలో నొక్కేశాను. ఎవరికీ చెప్పలేదు. వదినగారు విప్పి చూసి ఎంత సంబరపడతారో అని నాలో నేనే మురిసిపోయాను. ఆవిడేమో వచ్చాక పుస్తకం విప్పనే లేదు. "అక్కడే విప్పుదాం. ఇక్కడ చూస్తే ఏడుపొస్తుంది," అని అన్నయ్యగారి కండువాలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.

శనివారం ఉదయం ఆరుంబావుకల్లా అమ్మాయి మమ్మల్ని క్యారీ స్టేషన్‌లో దింపింది. ఆరున్నర దాటాక షార్లెట్ రైలు వస్తుంది. మూడు గంటల పైన ప్రయాణం, టికెట్టు మనిషికి ముప్ఫై డాలర్ల లోపు, పెద్దవాళ్ళకు కాస్త తగ్గింపు కూడా ఉంది. వేళలు మారుతుంటాయట, మీరు వెళ్ళేముందు చూసుకోండి. అమెరికాలో అందరూ కార్లలోనే తిరుగుతారనుకున్నాను గానీ రైలు శుభ్రంగా ఉంది, సీట్లు వెడల్పు, కాళ్ళు చాపుకోవచ్చు. ఒక పెట్టెలో కాఫీ ఊరికే పెట్టారు. ఊరికే అంటే నేను నమ్మలేదు. తాగాక డబ్బులడుగుతారేమోనని షార్లెట్ దాకా టికెట్టు చూసే ఆయన ఇటు వచ్చినప్పుడల్లా కప్పు కొంగు చాటున పెట్టుకున్నాను. డర్హమ్ దాటుతుంటే నాకు ఇంటి బెంగ పట్టుకుంది.

"వదినగారూ, పొయ్యి కట్టేశానా? ఆయనకు గ్యాస్ వాసన తెలియదు."

"మీ ఇంట్లో గ్యాసే లేదు వదినగారూ, కరెంటు పొయ్యి."

"పోనీ కరెంటే. అది మాత్రం అంటుకోదా?"

"పొద్దున మీరు పొయ్యి ముట్టుకోలేదు. పెరుగన్నం రాత్రే కలిపారు. ఇక ఆ కిటికీలోంచి చూడండి, చెట్లు ఎలా ఎర్రబడ్డాయో."

చూశాను. నిజంగానే అడవంతా ఎర్రగా, పసుప్పచ్చగా ఉంది. అంత అందం చూస్తున్నా నా చెయ్యి మాత్రం ఆవిడ సంచి మీదే ఉంది.

షార్లెట్‌లో దిగేసరికి పది కావొస్తోంది. వదినగారు ఫోన్లో క్యాబ్ పిలిచారు. సంత జరిగే హాలుకు ఇరవై నిమిషాలు, పద్దెనిమిది డాలర్లు. డ్రైవరు భారీ మనిషి, పాటలు వింటూ నడుపుతున్నాడు. ఎక్కడికని అడిగితే వదినగారు నాణేల సంతకని చెప్పారు. అతను వెంటనే పాట తగ్గించి, అద్దంలోంచి మావైపు చూసి ఏదో గట్టిగా చెప్పాడు.

"ఏమంటున్నాడు?"

"సంచిలో ఏముందో ఎవరికీ చెప్పకండి మేడమ్, పార్కింగులో అసలు విప్పకండి అంటున్నాడు. మంచికే చెబుతున్నాడు."

మంచికే చెప్పాడు గానీ నా ప్రాణం సగం అక్కడే పోయింది. అయిదు సెంట్ల బిళ్ళలకు దొంగలేమిటి? దిగగానే సంచిని పొట్టకు అదుముకుని ఇద్దరం పక్కపక్కనే అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా నడిచాం. గుమ్మంలో తుపాకీ పెట్టుకున్న పోలీసు. నేను రెండు చేతులూ పైకెత్తేశాను. "ఆయన మనల్ని కాపాడ్డానికి ఉన్నాడు, దించండి," అని వదినగారు నా చేతులు లాగారు. పోలీసాయన నవ్వి తలుపు తీసి పట్టుకున్నాడు. పేరు రాయించుకుని మెడలో కార్డు వేశారు. మనిషికి అయిదు డాలర్లు.

లోపల మన కల్యాణ మండపాలు రెండు పట్టేంత హాలు, వరసలు వరసలుగా బల్లలు, గాజుపెట్టెలు, బల్లకొక దీపం. జనం మాత్రం గుడిలో కన్నా నెమ్మదిగా ఉన్నారు. అందరూ వంగి, కంటికి భూతద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఒక పెట్టెలో మన దున్న బిళ్ళే ఉంది, కింద చీటీ. అంకెలు నాకు వచ్చు కదా, చదివాను.

"తొమ్మిది వందల డాలర్లా! అయిదు సెంట్ల బిళ్ళకా!"

"గట్టిగా అనకండి, అందరూ చూస్తున్నారు."

"చూడనీండి. మా పాలకొల్లులో ఆ డబ్బుకు నిజం గేదే వస్తుంది, పాలిస్తుంది కూడా."

ఆ బల్ల దగ్గర తెల్లజుట్టు ఆవిడ ఒకరు ఓపిగ్గా మాకన్నీ చూపించింది. ఆవిడ ఇంగ్లీషులో చెబితే వదినగారు నాకు తెలుగులో చెప్పారు. మొదటి ఏడాది దున్నను ఒక దిబ్బ మీద నిలబెట్టారట. దిబ్బ మీద రాసిన విలువ తొందరగా అరిగిపోతోందని అదే ఏడాది మధ్యలో దిబ్బ తీసేసి సాపు నేల పెట్టారు. అందుకని పదమూడులోనే రెండు రకాలు. దున్న కాళ్ళ కింద డి అని చిన్న అక్షరం ఉంటే డెన్వర్‌లో, ఎస్ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టినట్టు, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. ఏడాది అంకెను ఆ పెద్దమనిషి భుజం మీద ఎత్తుగా వేయడంతో ముందు అదే అరిగిపోతుంది. అలా ఏడాది పోయిన బిళ్ళలు ఒక గిన్నెలో పోసి డాలరుకొకటి అమ్ముతున్నారు. ఇంత చిన్న బిళ్ళలో ఇంత సంగతి ఉందా అని నేను నోరు తెరిచి వింటుంటే, పక్కన ఒకాయన వచ్చి ఆవిడ ముందు నాలుగు మెరిసే బిళ్ళలు పెట్టాడు. ఆవిడ ఒక్క చూపు చూసి, వేలితో వెనక్కి నెట్టేసింది. ఆయన మొహం మాడిపోయింది.

"ఎందుకు కాదంది?"

"తోమేశాడట," అన్నారు వదినగారు. "తోమిన బిళ్ళను ఇక్కడెవరూ ముట్టుకోరట. నల్లగా ఉన్నా మట్టిగా ఉన్నా సరే, దాని పైపొర దానికి ఉండాలట. ఒకసారి గీసుకుపోయిందంటే మళ్ళీ రాదు. ఎవరండీ ఈ రోజుల్లో కూడా అలా తోమేది, ఇంగితం లేకపోతే సరి. మా ఆయన వేలిముద్ర కూడా పడనిచ్చేవారు కాదు."

బల్ల అంచు పట్టుకున్నాను. యాభై పైచిలుకు బిళ్ళలు, కొబ్బరి పీచు, ఉప్పు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"వదినగారూ, ఇంటికి వెళ్ళిపోదామా? కళ్ళు తిరుగుతున్నాయి."

"మంచినీళ్ళు తాగండి."

"ఆయనకు షుగరు పడిపోయిందేమో..."

"రైలు దిగాక మాట్లాడారుగా. టీవీ చూస్తున్నానన్నారు. రండి, మనం వెళ్ళాల్సింది ఆ మూల బల్లకేనని ఈవిడ చెప్పింది."

చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. కానీ ఆవిడ సంచి గుండెలకు హత్తుకుని గబగబా నడుస్తున్నారు. పెళ్ళిచూపులకు వెళ్ళే ఆడపిల్ల తల్లిలా ఉంది ఆ నడక.

మూల బల్ల వెనక వాల్టర్ అనే పెద్దాయన ఉన్నాడు. ఎనభై దగ్గర పడుతుంటాయి, ప్యాంటుకు భుజాల మీదుగా పట్టీలు. దున్న బిళ్ళలు తప్ప ఇంకేమీ పెట్టడట. వదినగారు మూడు కాళ్ళ మాట ఎత్తగానే కుర్చీ ముందుకు జరుపుకుని కథ చెప్పాడు. 1937లో డెన్వర్ టంకశాలలో ఒక పనివాడు గీతలు పడిన అచ్చును సాపు చేయబోయి మరీ ఎక్కువ రుద్దేశాడట, దాంతో అచ్చులో దున్న కాలే చెరిగిపోయింది. ఎవరూ చూసుకోలేదు, ఆ అచ్చుతో వేసిన బిళ్ళలన్నీ బయటికి వచ్చేశాయి.

"అతని ఉద్యోగం పోయిందా?" అని నేను అడగమన్నాను. వదినగారు అడగలేదు. నాకు మాత్రం ఆ పనివాడి గురించే బెంగగా ఉంది. అతను అచ్చు రుద్దాడు, అది బంగారమైంది. నేను నాణెం రుద్దాను.

వదినగారు కండువా విప్పి, అట్ట తెరిచారు. బల్ల మీది దీపం వెలుగులో బిళ్ళలన్నీ ఒక్కసారి కొత్త స్టీలు గ్లాసుల్లా మెరిశాయి. "ఇదేమిటి, ఇలా ఉన్నాయి?" అని ఆవిడ తనలో తను గొణుక్కున్నారు. వాల్టర్ మూడు కాళ్ళదాన్ని అంచులు పట్టుకుని తీసి, భూతద్దం కింద పెట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి, చాలాసేపు చూశాడు. వదినగారు నా చెయ్యి పట్టుకున్నారు. చివరికి ఆయన తలెత్తి ఒక్క మాటన్నాడు, అది నాకూ అర్థమైంది.

"రియల్."

కాలు లేకపోయినా నేల మీద గిట్ట మిగిలి ఉందట, పొట్ట కింద సన్నటి చుక్కల గీత ఉందట. మామూలు బిళ్ళకు కాలు గీసేసి మోసం చేసేవాళ్ళకు ఆ చుక్కలు రావట. "మీవారి కళ్ళు గొప్పవి, సంచెడు బిళ్ళల్లో దీన్ని పట్టుకోవడం మాటలు కాదు," అన్నాడట. వదినగారు అది నాకు చెబుతూ చెబుతూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. నేను ఏడవలేదు. నాకు తరవాత రాబోయేది తెలుసు.

వచ్చింది. వాల్టర్ గొంతు తగ్గించి, జాలిగా, నెమ్మదిగా చెప్పాడు. హస్బెండ్ అన్న మాట, క్లీన్ అన్న మాట నాకు వినబడ్డాయి. వదినగారు అడ్డంగా తలూపారు. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. ఈసారి ఆవిడ తల ఊపలేదు.

"ఏమంటున్నాడు వదినగారూ?"

"పైపొరంతా పోయిందట. మామూలుగా అయితే ఆరువందలు పలికేదట, ఇప్పుడు రెండొందలు కూడా కష్టమట. మీవారే తోమి ఉంటారు అంటున్నాడు. పోయేముందు పెద్దవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారట, అన్నీ నీటుగా సర్ది వెళ్దామని." ఆవిడ అట్ట మూసేశారు. "ఆయన అలా చెయ్యరు. కానీ చివర్లో మతి సరిగ్గా లేదేమో వదినగారూ. నాకు తెలియకుండా చేశారేమో. నేనే సరిగ్గా కనిపెట్టి చూసుకోలేదేమో."

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కానీ ఆవిడ ఆ క్షణాన తన మొగుడికి మతి పోయిందని నమ్మడం మొదలుపెట్టారు, నా ఎదురుగా, నా చెయ్యి పట్టుకుని. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని వాల్టర్‌తోనే అన్నాను.

"ఐ వాష్. మీ. నాట్ హిమ్."

వదినగారు నా వైపు తిరిగారు. "ఏమిటంటున్నారు?"

"నేనే తోమాను వదినగారూ. చింతపండు పెట్టి, పోయిన వారం. లక్ష్మి ముందు పెడదామని. మీరు చూసి సంతోషిస్తారనుకున్నాను. అన్నయ్యగారు ఏమీ చెయ్యలేదు, ఆయన మతి శుభ్రంగా ఉంది."

ఆవిడ నా చెయ్యి వదిలేశారు. "నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"మురికిగా ఉన్నాయని..."

"మురికి కాదది! వాటి వయసు. పదిహేనేళ్ళు ఆయన ఊపిరైనా తగలకుండా దాచుకున్నవి వదినగారూ! అంట్లు కాదవి!"

అని పుస్తకం అక్కడే వదిలేసి, తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయారు. చుట్టూ నాలుగు భూతద్దాలు నా వైపు తిరిగాయి. వాల్టర్ లేచి తన కుర్చీ నాకిచ్చాడు, నీళ్ళ సీసా మూత తీసిచ్చాడు. తరవాత బిళ్ళను మళ్ళీ అద్దం కింద పెట్టి, ఆదివాసి పెద్దమనిషి జుట్టు సందున ఇరుక్కున్న ఎర్రటి పొడిని సూదిమొనతో చూపించి ఇదేమిటని అడిగాడు. నా నుదుటి మీద బొట్టు చూపించాను. ఆయన కాసేపు నన్నూ బిళ్ళనూ మార్చి మార్చి చూసి, భుజాలు అదిరేలా నవ్వాడు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న నాకు ఆ నవ్వు ఎంత దిమ్మతిరిగించిందో చెప్పలేను. బిళ్ళను గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, డబ్బులు వద్దని చెయ్యి ఊపి, పుస్తకం కండువాలో చుట్టి నా చేతికిచ్చాడు.

బయట పార్కింగు పక్కన ఒక తిండి బండి ఉంది. దాని అవతల బెంచీ మీద వదినగారు వెనక్కి తిరిగి కూర్చున్నారు. పక్కన కూర్చునే ధైర్యం లేక బండి దగ్గర ఆగాను. అక్కడ ఇంకో ఆశ్చర్యం. పెద్ద గుండిగలో ఆవిరి కక్కుతూ వేరుశెనక్కాయలు ఉడుకుతున్నాయి! పొట్టుతో, ఉప్పునీళ్ళలో, అచ్చం మన తొలకరి కాయల్లా. వండే ఆవిడ బొద్దుగా ఉంది, తలకు గుడ్డ కట్టుకుంది. వేలు చూపించాను. "హనీ, నువ్వు ఎప్పుడైనా తిన్నావా ఇవి?" అన్నట్టు అడిగింది. ఎప్పుడైనా ఏమిటి తల్లీ, పుట్టినప్పటి నుంచీ, అని తెలుగులోనే అన్నాను. ఆవిడకు ఏమర్థమైందో గానీ అయిదు డాలర్లకు పొట్లం నిండుగా పోసి, పైన ఇంకో గరిటె వేసింది. మాంసం తినని మనవాళ్ళకు ఆ హాలు దగ్గర దొరికేది ఇదొక్కటే, గుర్తుపెట్టుకోండి.

పొట్లం మా మధ్యన పెట్టి, బెంచీ చివర కూర్చున్నాను. వదినగారు కొంచెంసేపటి తరవాత ఒక కాయ తీసి ఒలిచారు. నేనూ ఒకటి ఒలిచాను. అలా పది కాయలయ్యాక ఆవిడే మాట్లాడారు.

"ఆయన దీన్ని పట్టుకున్న రోజు పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చారు వదినగారూ. కామేశ్వరీ, మూడు కాళ్ళ దున్న దొరికిందే అని. చపాతీ వత్తుతున్నాను. మీ కళ్ళద్దాలు మార్పించుకోండి ముందు, అన్నాను. పిల్లలందరి ముందూ నవ్వాను. మళ్ళీ ఆ మాట నా దగ్గర ఎత్తలేదాయన."

నేను ఇంకో కాయ ఒలిచి ఆవిడ ముందు పెట్టాను.

"మీ మీద కోపం పోలేదు. పోవడానికి టైము పడుతుంది."

"పడనీండి."

"ఆ ఎర్రటిదేమిటని అడిగినట్టున్నాడు వాల్టర్?"

"బొట్టు. అందరికీ పెట్టాను."

"దున్నకా?"

"దున్నకు ముందు. తరవాత ఆ పెద్దాయనకు కూడా. ఒక పక్క పెట్టి ఇంకో పక్క వదిలేస్తే బాగుండదని."

వదినగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, అడగలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక తిరుగు రైలు ఎక్కాం. గ్రీన్స్‌బరో దాకా ఆవిడ ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టెను అరచేతిలో పెట్టుకుని, కాలు లేని చోట వేలితో రాస్తూ కూర్చున్నారు. డర్హమ్ వస్తుందనగా ఉన్నట్టుండి అన్నారు: "ప్లేనోలో గరాజులో ఆయన చూడకుండా వదిలేసినవి రెండు కాఫీ డబ్బాల నిండా ఉన్నాయి. పారెయ్యమంటోంది మా అమ్మాయి. నాకు ఆ చిన్న అక్షరాలు ఆనవు. యాభై బిళ్ళలు తీసి, కడిగి, ఒక్కటీ వరస తప్పకుండా పెట్టావు చూడు, అలాంటి కన్ను కావాలి." ఇన్నేళ్ళ వియ్యంలో ఆవిడ నన్ను మీరు అని తప్ప పిలవలేదు. ఆ మాట విని, కిటికీ వైపు తిరిగి, క్యారీ వచ్చేదాకా చెట్లనే చూస్తూ కూర్చున్నాను. ఆరున్నర దాటాక అల్లుడుగారు స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్ళారు. "ఏమైందమ్మా, నాన్న కరెక్టేనా?" అని అడిగారు. "మీ నాన్న కరెక్టే," అన్నారు వదినగారు. చింతపండు సంగతి ఆవిడ చెప్పలేదు. ఇంటికి వెళ్ళాక నేనే చెప్పాను. అమ్మాయి నెత్తి కొట్టుకుంది. అల్లుడుగారు మాత్రం ఆ పెట్టెను చాలాసేపు చేతిలో పట్టుకుని, నాన్నకు ఫోన్ చేసి చెప్పాలనిపిస్తోంది అత్తయ్యా, అన్నారు.

ఇంటికొచ్చి వారమైనా ఆ రోజు నన్ను వదల్లేదు. ఏ వస్తువు కనబడినా దాన్ని శుభ్రం చెయ్యడమే ప్రేమ అనుకుని ఇన్నేళ్ళు బతికాను. గిన్నెలు, గడపలు, పిల్లల మొహాలు, అన్నీ తోమాను. కొన్నిటి మీద ఉన్నది మకిలి కాదని, వాటిని దాచుకున్నవాళ్ళ కాలమని ఇంత వయసొచ్చాక ఒక అయిదు సెంట్ల బిళ్ళ దగ్గర తెలిసింది. పోయిన పైపొరను నేను తేలేను, వదినగారూ అది మరిచిపోరు, మరిచిపోవాలని అడగను. కానీ అన్నయ్యగారి మీద పడబోయిన మాటను ఆపగలిగాను, ఆ ఒక్కటీ తలుచుకుంటే దడ కాస్త తగ్గుతోంది. మీకు చెప్పే జాగ్రత్త ఒక్కటే. ఇంట్లో పాత నాణేలుంటే నీళ్ళు కూడా తగలనివ్వకండి, అంచులు పట్టుకుని ఎలా ఉన్నవి అలాగే తీసుకెళ్ళి తెలిసినవాళ్ళకు చూపించండి. సోమవారం వదినగారు ప్లేనో వెళ్ళిపోయారు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, మా అమ్మాయి దగ్గర నుంచి వివరాలు తీసుకుని, ఆవిడే నాకు ప్లేనోకు విమానం టికెట్టు బుక్ చేశారు. ఒక్కదాన్నే విమానమెక్కాలి, ఎలా వెళ్తానో ఏమో. ప్రయాణం నవంబరు ఏడు, శనివారం.